సంతకం ముందు, రంపం తర్వాత

(అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అడవి భూములు కొన్న తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందా? సరే.

ముందే చెప్పేస్తాను, నేను ఫారెస్టర్ని కాను. వారమంతా డేటాబేసులు చూసుకునే మనిషిని. ఏడేళ్ళ కిందట మేకన్ ఊరు దాటాక దక్షిణాన 43 ఎకరాలు కొన్నాను. కొన్నప్పుడు దాన్ని అడవి అనుకున్నాను. అంతా పచ్చగా ఉంది, పిట్టలున్నాయి, చిన్న వాగుంది. ఇంకేం కావాలి? తర్వాత ఒక రాష్ట్ర ఫారెస్టర్ వచ్చి రెండు గంటలు నాతో నడిచి, ఇది అడవి కాదండీ, అడవి పోయాక మిగిలింది అన్నాడు. పాత యజమాని ఇంటికి ఎవరో టింబర్ వ్యాపారి వచ్చి, మంచి చెట్లన్నీ ఏరి కొట్టుకుని, వంకరవీ పుచ్చువీ వదిలేసి పోయాడట. బుట్టలో మంచి పళ్ళన్నీ ఏరుకుని కుళ్ళినవి విత్తనానికి ఉంచడం లాంటిదిది. నా భూమిలో మిగిలిందల్లా స్వీట్‌గమ్ చెట్లు, వాటి కింద మనిషి దూరలేనంత ప్రివెట్ పొద, ఒక మూల ఎకరంన్నర కుడ్జు తీగ.

ఆ కుడ్జు కథతోనే మొదలుపెడతాను. ఇలాంటి భూమిని బాగుచేసుకోవడానికి ఖర్చులో కొంత ఇచ్చే ప్రభుత్వ పథకాలున్నాయి, ఇవాళ చెప్పేది వాటి గురించే. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆ కథలోనే ఉంది.

1930లలో అమెరికా మధ్య రాష్ట్రాల్లో పైమట్టంతా దుమ్ముగా లేచిపోయింది. ఆ దుమ్ము వాషింగ్టన్ దాకా వచ్చింది. 1935లో కాంగ్రెస్ మట్టిని కాపాడటానికి చట్టం చేసి, సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ అనే సంస్థను వ్యవసాయ శాఖ కింద పెట్టింది. దాని మొదటి అధిపతి హ్యూ హామండ్ బెన్నెట్. దక్షిణాదిలో పత్తి వేసి వేసి నేలంతా గండ్లు పడి ఉంది. మట్టిని పట్టి ఉంచే మొక్క కావాలి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకు జపాన్ నుంచి వచ్చిన కుడ్జు వాళ్ళ కంటపడింది. ఎనిమిది కోట్లకు పైగా నారు పంచారు. నాటిన రైతుకు ఎకరానికి 8 డాలర్ల దాకా ఇచ్చారు! అప్పటి 8 డాలర్లంటే చిన్న డబ్బు కాదు. 1953 వచ్చేసరికి నాలుక కరుచుకుని, సాయం దొరికే మొక్కల జాబితాలోంచి దాన్ని తీసేశారు. అప్పటికే అది స్తంభాలెక్కింది, పాడుబడ్డ ఇళ్ళెక్కింది.

ఆ సంస్థ పేరు 1994లో మారింది. ఇప్పుడు దాన్ని ఎన్ఆర్‌సీఎస్ అంటున్నాం. నా ఎకరంన్నర కుడ్జును తీయించడానికి ఇవాళ డబ్బిస్తున్నది ఆ ఎన్ఆర్‌సీఎసే. తాత నాటించాడు, మనవడు పీకిస్తున్నాడు. ఎగతాళికి చెప్పడం లేదు. ప్రభుత్వం సలహా ఇచ్చింది కదా అని కళ్ళు మూసుకుని చేయకండి, మీ నేలకు ఏం కావాలో మీరూ కాస్త తెలుసుకోండి అని చెప్పడానికి.

ఇప్పుడు అసలు విషయం. అమెరికాలో అడవి అనగానే మనకు నేషనల్ పార్కులు గుర్తొస్తాయి. కానీ ఈ దేశపు అడవిలో సగానికి పైగా ప్రైవేటు చేతుల్లోనే ఉంది. అందులోనూ పెద్ద వాటా మనలాంటి కుటుంబాలది. సుమారు కోటిమంది యజమానులు, చాలామందికి ఉన్నది కొద్ది ఎకరాలే. పైనున్న చెట్టు నాదే గానీ, దాని కింద ఇంకి వాగులోకి పోయే నీళ్ళు కిందూళ్ళ వాళ్ళూ తాగుతారు. అందుకే ఖర్చులో కొంత ప్రభుత్వం పెట్టుకుంటుంది. ఈ 'కొంత' అన్న మాట గుర్తుంచుకోండి. భూమి ఉన్నందుకు ఎవరూ డబ్బివ్వరు. పని చేసినందుకు, ఆ పని ఖర్చులో ఒక భాగం ఇస్తారు.

అందరూ అడిగేది ఈక్విప్ గురించి, అంటే ఇలాంటి పనుల ఖర్చులో ఎన్ఆర్‌సీఎస్ వాటా పెట్టుకునే పథకం. 1996 ఫార్మ్ బిల్లుతో, అంటే కాంగ్రెస్ కొన్నేళ్ళకోసారి చేసే వ్యవసాయ చట్టంతో, వచ్చింది ఇది. 2008 బిల్లు తర్వాత కుటుంబాల అడవి భూములకు ఇందులో చోటు స్పష్టంగా దొరికింది. ఇందులో ప్రతి పనికీ ఒక నంబరుంటుంది. పొదలు తీయించడం 314. చెట్లను పలచన చేసి మంచివాటికి చోటివ్వడం 666. నాటే ముందు నేల సిద్ధం చేయడం 490, నాటడం 612. పద్ధతిగా, అనుమతితో మంట పెట్టడం 338, ఆ మంట దాటకుండా చుట్టూ ఖాళీ నేల పట్టీ తీయడం 394. ఆఫీసులో వాళ్ళు ఈ నంబర్లతోనే మాట్లాడుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఐపీసీ సెక్షన్లు చదువుతున్నట్టే అనిపించింది.

ప్రతి నంబరుకూ రాష్ట్రానికొక రేటు పట్టిక ఉంటుంది. మీ రసీదు ఎంతకున్నా పట్టిక రేటే ఇస్తారు. మామూలుగా అది అంచనా ఖర్చులో 75 శాతం దాటదు. కొత్తగా వచ్చినవాళ్ళకు, అంటే పదేళ్ళకు మించి వ్యవసాయం గానీ అడవి గానీ చేయనివాళ్ళకు, 90 శాతం దాకా పోవచ్చు. ఇంకా మంచి విషయం, కొత్తవాళ్ళు సామాను కొనడానికి, కూలీ కట్టడానికి ఆ పని డబ్బులో సగం ముందే అడగొచ్చు. ఈ హాల్లో చాలామంది ఇందులోకి వస్తారు. దరఖాస్తులో ఆ గడిలో టిక్కు పెట్టడం మర్చిపోకండి. భార్యాభర్తలు కలిసి, లేదా ఎల్ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి కొంటే అందులో అందరూ కొత్తవాళ్ళే అయ్యుండాలి. వాళ్ళలో ఒక్కరు పాతకాపు అయినా లెక్క మారిపోతుంది. ఇంకో సంగతి. ఇదివరకు ఆసియా సంతతి వాళ్ళమని కూడా ఆ ఎక్కువ శాతం వచ్చేది. 2025 జులైలో వ్యవసాయ శాఖ జాతిని బట్టి చేసే ఆ వర్గీకరణను వాడటం మానేసింది. కాబట్టి పాత వీడియోలు చూసి ఆశపెట్టుకోకండి.

మరి ఈ డబ్బు తలుపు తడితే వచ్చేస్తుందా? రాదు. దీనికో వరస ఉంది. నేను దెబ్బ తిన్నది అక్కడే.

కొన్న రెండో ఏడు, అక్టోబరులో. ఎన్ఆర్‌సీఎస్ మనిషి వచ్చి చూసి వెళ్ళాడు, దరఖాస్తు ఇచ్చాను. ఆయన చాలా బాగా మాట్లాడాడు. నాకు పని అయిపోయినట్టే అనిపించింది. ఈలోగా పక్క స్థలంలో పొదలు నుగ్గుచేసే మల్చింగ్ యంత్రం పనిచేస్తోంది. ఆ యంత్రం ఆయన, ఎలాగూ ఇక్కడే ఉన్నాను, మీ ప్రివెట్ కూడా కొట్టేస్తాను, తక్కువకు చేస్తాను అన్నాడు. కొట్టించేశాను. ఆరు వేల డాలర్ల చిల్లర అయింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ డబ్బు తిరిగొస్తే ఏం చేయాలో కూడా మా ఆవిడతో మాట్లాడేసుకున్నాను. ఫిబ్రవరిలో ఆఫీసుకు వెళితే, ఒప్పందం మీద సంతకాలు కాకముందు మొదలుపెట్టిన పనికి ఒక్క డాలరు కూడా రాదన్నారు. వాళ్ళ తప్పేం లేదు, కాగితంలో రాసే ఉంది. నేనే చదవలేదు. అయినా ఆ వారమంతా ఎవరిమీదో ఒకరిమీద కోపంగానే ఉన్నాను.

కాబట్టి సంతకం ముందు, రంపం తర్వాత. వేరే ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకండి.

ఆ సంతకం దాకా చేరడానికి ముందు ఎఫ్ఎస్ఏ, అంటే వ్యవసాయ శాఖలోనే ఉన్న ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, ఆఫీసుకు వెళ్ళాలి. సాధారణంగా ఎన్ఆర్‌సీఎస్ ఉన్న భవనంలోనే ఉంటుంది, దాన్ని యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) సర్వీస్ సెంటర్ అంటారు. అక్కడ డీడ్ చూపించి ఫార్మ్ నంబర్ తీసుకోవాలి. అడవికి ఫార్మ్ నంబరేమిటి అని నేనూ అడిగాను. మన పట్టాదారు పాస్‌బుక్కు లాంటిదే అనుకోండి, అది లేకపోతే వాళ్ళ లెక్కలో మీకు భూమే లేదు. అక్కడే రెండు కాగితాలు నింపాలి. ఏడీ-1026లో, కోతకు గురయ్యే నేలనూ చిత్తడి నేలనూ పాడుచేయనని ఒప్పుకుంటారు. సీసీసీ-941లో, మీ ఆదాయం మూడేళ్ళ సగటున 9 లక్షల డాలర్లు దాటలేదని చెబుతారు. ఈ హాల్లో ఎవరికైనా ఆ రెండోది అడ్డొస్తే దయచేసి ముందుకు రండి, ఇవాళ్టి భోజనాల ఖర్చు మీదే. (నవ్వులు)

తర్వాత ఎన్ఆర్‌సీఎస్‌లో దరఖాస్తు. ఏడాది పొడవునా తీసుకుంటారు గానీ, రాష్ట్రం ఒక తేదీ పెట్టి అప్పటిదాకా వచ్చినవన్నీ ఒకేసారి మార్కులేసి వరసపెడుతుంది. ముందు వచ్చినవాడికి ముందు అని లేదు. వాగు పక్కన పనా, అరుదైన జీవులకు మేలా, నేల ఎంత దెబ్బతింది, ఇలాంటి వాటికి మార్కులు. డబ్బు ఎక్కడిదాకా వస్తే అక్కడ గీత. గీత కింద పడితే వచ్చే ఏడు మళ్ళీ చూస్తారు. నేను రెండోసారికి గట్టెక్కాను. గట్టెక్కాక మొదటి పన్నెండు నెలల్లో కనీసం ఒక పనైనా చేసి చూపించాలి. వాళ్ళొచ్చి చూసి, లెక్కపెట్టి, సరే అన్నాకే డబ్బు. చేయకుండా వదిలేస్తే ఇచ్చింది తిరిగి కట్టమంటారు, పైన జరిమానా కూడా.

వీటన్నిటికంటే ముందు కావాల్సింది ప్లాన్. అటవీ నిర్వహణ ప్రణాళిక. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైంది ఆ కాగితమే. జార్జియా ఫారెస్ట్రీ కమిషన్ మన రాష్ట్ర అటవీ సంస్థ. 1990 ఫార్మ్ బిల్లుతో వచ్చిన ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కార్యక్రమం కింద వాళ్ళ ఫారెస్టర్లు మీ భూమి నడిచి ప్లాన్ రాస్తారు. లేదా ఎన్ఆర్‌సీఎస్ గుర్తించిన ప్రైవేటు ఫారెస్టర్ చేత రాయించుకుని, ఆ రాతకూలికి కూడా ఈక్విప్‌లోనే సాయం అడగొచ్చు, దాని నంబరు 106. చాలామంది ఏం చేస్తారంటే, ముందు ఏ పథకంలో ఎక్కువ డబ్బుందో చూసి, ఆ పనే తమ అడవికి కావాలనుకుంటారు. నా పక్క భూమి ఆయన అలాగే, చెట్లకు ఒక రేటు బాగుందని విని, తడి నేలలో పైన్ నాటాడు. సగం కుళ్ళిపోయాయి. ఫారెస్టర్ ఒక్కసారి నడిస్తే, అక్కడ నాటొద్దు, వాగొడ్డు మొక్కలు వాటంతటవే వస్తాయి, వదిలేయండి అనేవాడు. ఏమీ చేయకండి అని చెప్పగలిగేవాడు ప్లాన్ రాసేవాడొక్కడే.

అడవిని ఇప్పటికే బాగా చూసుకుంటున్నవాళ్ళకు సీఎస్‌పీ (కన్జర్వేషన్ స్టీవార్డ్‌షిప్ ప్రోగ్రామ్) ఉంది. ఐదేళ్ళ ఒప్పందం, ఏటా కొంత. 2024లో కనీస మొత్తాన్ని 1,500 నుంచి ఏడాదికి 4,000 డాలర్లకు పెంచారు కాబట్టి చిన్న భూములవాళ్ళకూ గిట్టుబాటే. అయితే మీకున్న భూమంతా అందులో పెట్టాలి. సీఆర్‌పీ (కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్) అనే ఇంకోటి 1985 నుంచీ ఉంది గానీ అది ముఖ్యంగా పంట భూమిని గడ్డి లేదా చెట్ల కిందికి మార్చేవాళ్ళకు, మనలో ఎక్కువమందికి పనికిరాదు, వదిలేద్దాం.

డబ్బు నమ్మకం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2022 నాటి ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ చట్టంతో ఈ పథకాలకు సుమారు 1,950 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయి. 2025 మొదట్లో ప్రభుత్వం మారాక ఆ డబ్బుతో చేసుకున్న ఒప్పందాల చెల్లింపులు కొన్నాళ్ళు నిలిచిపోయాయి. పనిచేసి రసీదులు పట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు. తర్వాత కదిలింది గానీ, వచ్చే నెల డబ్బొస్తుందని క్రెడిట్ కార్డు మీద బుల్డోజర్ పెట్టకండి. ఆలస్యమైనా మునిగిపోనంత పనే పెట్టుకోండి.

పన్నుల సంగతి త్వరగా. వచ్చిన డబ్బుకు 1099-జీ అనే పన్ను కాగితం వస్తుంది. అంతా ఆదాయమే అని రాసేయకండి. సెక్షన్ 126 కింద కొంత మినహాయించుకునే వీలుండొచ్చు. మీ చేతి డబ్బుతో నాటిన మొక్కలకు సెక్షన్ 194 కింద ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు, మిగిలింది 84 నెలల్లో. పన్నుల లెక్కలు చూసే మనవాళ్ళ సీపీఏలు ఐటీ జీతాలు చూడటంలో సిద్ధహస్తులే గానీ, చాలామంది టింబర్ ఎప్పుడూ చూసుండరు. ఈ రెండు నంబర్లూ మీరే రాసుకెళ్ళి అడగండి.

కౌంటీ ఆస్తిపన్నుకు మన రాష్ట్రంలో సీయూవీఏ ఉంది. పదేళ్ళు అడవిగానే ఉంచుతానని ఒప్పందం రాసిస్తే, మార్కెట్ ధర మీద కాకుండా అడవిగా వాడే విలువ మీద పన్ను వేస్తారు. తేడా చాలా ఉంటుంది. మధ్యలో ఇళ్ళ ప్లాట్లు వేద్దామని మనసు మారితే, మిగుల్చుకున్న పన్నుకు రెట్టింపు కట్టాలి. ఇంకొకటి, సొంత పేరున ఉన్న భూమికి ఇది పౌరులకే, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకు కాదు. నాకు ఇది కౌంటీ అసెసర్ ఆఫీసు కౌంటరు దగ్గరే తెలిసింది.

ఇప్పుడు చెప్పబోయేది హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళు చెవులు పెట్టి వినాలి. 1978 నాటి ఆఫిడా చట్టం ఒకటుంది. పౌరులు గానీ శాశ్వత నివాసులు గానీ కానివాళ్ళు వ్యవసాయ భూమి కొంటే, 90 రోజుల్లో ఎఫ్ఎస్ఏ-153 అనే కాగితం దాఖలు చేయాలి. వ్యవసాయ భూమి అంటే అందులో అడవి కూడా ఉంది. మొత్తం పది ఎకరాలు దాటకుండా, దాని మీద ఏటా అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటకుండా ఉంటే అక్కర్లేదు. నలుగురు కలిసి ఎల్ఎల్‌సీ పెట్టి కొన్నా, అందులో అలాంటివాళ్ళ వాటా పది శాతం ఉంటే చెప్పాల్సిందే. అడ్డుపెట్టే చట్టం కాదిది, తెలియజేయమనే చట్టం. కానీ చేయకపోతే భూమి విలువలో 25 శాతం దాకా జరిమానా వేయొచ్చు. రియల్టరు చెప్పడు, క్లోజింగ్ అటార్నీ కూడా చెప్పకపోవచ్చు. కొనేసి ఊరుకున్నవాళ్ళు ఈ గదిలో కనీసం ముగ్గురున్నారని నాకు తెలుసు. పేర్లు చెప్పను. సోమవారం పొద్దున్నే ఫోన్ చేయండి.

సరే, కాగితాలు చాలు. నా భూమిలో ఏం నాటామో చెబుతాను.

ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సాస్ దాకా దక్షిణాదిలో సుమారు తొమ్మిది కోట్ల ఎకరాల్లో లాంగ్‌లీఫ్ పైన్ ఉండేది. కొట్టేశారు, తారుకూ టర్పెంటైనుకూ గాట్లు పెట్టారు, చివరికి ముప్ఫై లక్షల ఎకరాల దాకా పడిపోయింది. గొడ్డలి ఒక్కటే కాదు కారణం. మంటలు ఆర్పేయడం కూడా. ఈ చెట్టుకు మంట కావాలి. రెండు మూడేళ్ళకోసారి నేల మీద సన్నగా మంట పాకితే పక్కనున్న స్వీట్‌గమ్ లాంటివి చచ్చిపోతాయి, ఇది బతుకుతుంది. మంట ఆపేస్తే పొదలు పెరిగి దీన్ని మింగేస్తాయి. పెద్ద లాంగ్‌లీఫ్ అడవి పార్కులాగా ఉంటుంది, చెట్ల మధ్య ఎండ పడుతుంది, కింద గడ్డి. ఆ నేలలోనే గోఫర్ తాబేలు బొరియలు తవ్వుతుంది. మన జార్జియా రాష్ట్ర సరీసృపం అదే. దాని బొరియల్లో 300కు పైగా రకాల జీవులు తలదాచుకుంటాయట. ఒక తాబేలు ఇల్లు కడితే ఊరంతా అద్దె లేకుండా ఉంటోందన్నమాట. 2010 నుంచి ఎన్ఆర్‌సీఎస్ ఈ చెట్టు కోసం ప్రత్యేకంగా డబ్బు పెడుతోంది. నాకు మార్కులు కలిసొచ్చింది అక్కడే.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. ఆ, చెప్పండమ్మా.

(ప్రశ్న: ప్రభుత్వం డబ్బు తీసుకుంటే మన భూమిలోకి ఎవరుపడితే వాళ్ళు రావచ్చా?)

రాకూడదమ్మా. ఈక్విప్, సీఎస్‌పీ ఏది తీసుకున్నా నో ట్రెస్పాసింగ్ బోర్డు అలాగే ఉంచుకోవచ్చు. ఒప్పందం చేసిన పనులు చూడటానికి ఆఫీసువాళ్ళు మాత్రం వస్తారు. మీ వివరాలు కూడా వాళ్ళు బయటివాళ్ళకు ఇవ్వకూడదు, 2008 ఫార్మ్ బిల్లులో దానికో సెక్షనే ఉంది. మీరు విన్నది బహుశా ఈజ్‌మెంట్ గురించి. అది వేరే సంగతి. అక్కడ ఇళ్ళు కట్టే హక్కు లాంటిదాన్ని శాశ్వతంగా వదులుకుంటారు, పిల్లలకూ అది వర్తిస్తుంది. లాయరు లేకుండా దాని మీద సంతకం పెట్టకండి.

(ప్రశ్న: మీ కుడ్జు పోయిందా సార్?)

పోలేదు బాబూ. మూడేళ్ళుగా మందు కొడుతున్నాం. ముదిరిన తీగ గడ్డ మనిషి కంటే బరువుండొచ్చు. పైన ఎండిపోయిందనుకుంటే ఏప్రిల్లో మళ్ళీ తల ఎత్తుతుంది. ఎకరంన్నర ఇప్పుడు అరెకరం అయింది. ఒప్పందంలో ఇంకా రెండేళ్ళుంది.

(ప్రశ్న: మరి లాంగ్‌లీఫ్ ఎలా ఉంది?)

గత జనవరిలో నాటించాం. ఆఫీసాయన వచ్చి కర్రలు పాతి, వలయాలు గీసి, మొక్కలు లెక్కపెట్టుకున్నాడు. లెక్క సరిపోయింది. కానీ చూడ్డానికి మొక్కల్లాగా లేవు. లాంగ్‌లీఫ్ మొదటి కొన్నేళ్ళు పైకి ఎదగదు, గడ్డిదుబ్బులాగా నేలకు అంటుకునే ఉంటుంది. కింద వేరు దింపుకుంటూ ఉంటుందట. మే నెలలో మా బావగారు ఇండియా నుంచి వచ్చారు, పొద్దున్నే లేచే మనిషి. మీ గడ్డి బాగా పెరిగిపోయింది, నేను కొట్టేస్తానుండు అని మోవర్ తీశారు. రెండు వరసలు పోయాయి. మిగతావి కాఫీ తాగడానికి ఆగినప్పుడు బతికాయి.